రోబో కోస్తుందా, డాక్టరు కోస్తాడా? బరంపురం నుంచి మోకాలి ఆపరేషన్‌కు బయల్దేరేవాళ్ల కోసం

"మిషనే కోసెత్తాదేట్రా? మరి డాక్టరేటి సేత్తాడు?"

మా మేనత్త ఈ మాట అడిగింది విశాఖలో ఒక ఆసుపత్రి హాల్లో, గోడంత టీవీ ముందు కూర్చుని. తెర మీద తెల్లటి యంత్రపు చెయ్యి ఒకటి నీలిరంగు మోకాలి చుట్టూ నెమ్మదిగా తిరుగుతోంది. కింద తెలుగు అక్షరాలు వరసగా పోతున్నాయి. అత్తకు తెలుగు మాటే గాని తెలుగు అక్షరం రాదు. ఒడిశాలో ఉన్న మా బరంపురంలో పెద్దవాళ్లు చాలామంది సంగతి అంతే, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. అందుకని నేనే చదివి వినిపించాను. నొప్పి తెలీదట, కోత కనపడదట, 24 గంటల్లో నడకట, కచ్చితత్వం నూటికి నూరట. అంతా విని ఆ ప్రశ్న అడిగింది. పక్కనే ఉన్న కౌన్సెలర్ అమ్మాయి నవ్వి, "రోబోనే చేస్తుందమ్మా, డాక్టరుగారు దగ్గరుండి చూసుకుంటారు" అంది.

ఆ జవాబు సరైనది కాదు. అమ్మాయిని తప్పు పట్టను, ఆమెకు నేర్పించింది అదే. కానీ ఆ ఒక్క వాక్యాన్ని నమ్మి పొలం కాగితాలు తాకట్టు పెట్టినవాళ్లు నాకు తెలుసు. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగువాళ్లకు మోకాలి ఆపరేషన్ అంటే భువనేశ్వర్ రైలో విశాఖ రైలో ఎక్కడమే. ఎక్కేముందు ఆ యంత్రం ఏం చేస్తుందో, ఏం చెయ్యలేదో తెలిసుంటే బేరం కాస్త సమంగా ఉంటుంది.

ముందు మోకాలి సంగతి.

మనవాళ్లు "గుజ్జు అరిగిపోయింది" అంటారు. మాట బాగుంది గాని అది గుజ్జులా జారేది కాదు. తొడ ఎముక కొసకూ కాలి ఎముక తలకూ అంటుకుని ఉండే నున్నటి గట్టి పొర, కార్టిలేజ్. దానికి రక్తనాళాలు లేవు, నరాలు లేవు. అందుకే అరుగుతున్నప్పుడు నొప్పి తెలీదు, అరిగాక తిరిగి పెరగదు. కింద ఎముక, చుట్టూ ఉన్న పొర వాచి ఏడ్చినప్పుడే మనకు కబురందుతుంది. మనలో ఎక్కువమందికి ముందు అరిగేది లోపలి వైపు. ఆ వైపు కుంగిపోయే కొద్దీ కాలు బయటికి వంగి దొడ్డికాళ్లవుతాయి. మా అత్తను వెనకనుంచి చూస్తే రెండు మోకాళ్ల మధ్య నుంచి అవతలి వీధి కనిపించేది. ముప్ఫయ్యేళ్లు నేల మీద కూర్చుని అప్పడాలు ఒత్తిన మనిషి.

ఎక్స్‌రే చూసి "నాలుగో స్టేజి" అనగానే ఆమె ముఖం పాలిపోయింది. నాలుగో స్టేజి అంటే మన చెవికి క్యాన్సరే గదా. ఇది ఆ లెక్క కాదు. 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు వైద్యులు ఎక్స్‌రేలో కనిపించే అరుగుదలకు సున్నా నుంచి నాలుగు దాకా పెట్టిన గ్రేడు అది. ఎముక ఎముకకు తగిలితే నాలుగు. ప్రాణానికి దానితో సంబంధం లేదు, రేపే ఆపరేషన్ చెయ్యాలనీ కాదు. నాలుగో గ్రేడుతో మార్కెట్‌కు నడిచి వెళ్లేవాళ్లున్నారు, మూడుతో మంచం దిగలేనివాళ్లున్నారు. రాత్రి నిద్ర చెడుతోందా, మాత్రలూ వ్యాయామమూ బరువు తగ్గడమూ అయ్యాక కూడా బాత్రూం దాకా నడక కష్టంగా ఉందా అన్నదే అసలు కొలత. ఎక్స్‌రేకు ఆపరేషన్ చెయ్యరు, మనిషికి చేస్తారు.

ఇంకో అపోహ "మోకాలి చిప్ప మార్పిడి" అన్న పేరులోనే ఉంది. నిజానికి చాలా ఆపరేషన్లలో చిప్పను ఉన్నచోటే ఉంచేస్తారు. మార్చేది ఎముకల కొసల పైపూత. తొడ ఎముక కింది కొస నుంచి తొమ్మిది మిల్లీమీటర్లకు అటూ ఇటూ, కాలి ఎముక తల నుంచి ఇంచుమించు అంతే మందం కోసి, పైన లోహపు తొడుగు ఒకటి, కింద లోహపు పళ్లెం ఒకటి ఎముక సిమెంటుతో అతికి, రెంటి మధ్య గట్టి పాలిథీన్ బిళ్ల పెడతారు. ఆ బిళ్లే కొత్త "గుజ్జు". రోబోతో చేసినా చేత్తో చేసినా లోపలికి వెళ్లే సామాను ఇదే. కొత్త మోకాలును రోబో తయారు చేస్తుందనుకునే వాళ్లు ఇంకా ఉన్నారు గనక చెబుతున్నాను.

కోయడం కష్టం కాదు, సమంగా కోయడం కష్టం. ఇది మా ఊళ్లో మగ్గం చూసినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. బరంపురం పట్టు నేసేవాళ్లలో తెలుగు మాట్లాడే దేవాంగులే ఎక్కువ. మా మామయ్య కూడా గుంట మగ్గం మీద కూర్చున్నవాడే. నేత మొదలుపెట్టేముందు పడుగు మీద, అంటే మగ్గానికి నిలువుగా బిగించిన దారాల మీద వేళ్లు ఆనించి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మీటుకుంటూ పోయేవాడు. ఒక వైపు బిగువు, ఇంకో వైపు వదులు ఉంటే నాడె ఎంత నేర్పుగా విసిరినా చీర అంచు వంకర పోతుంది. మోకాలికీ రెండు పక్కలా పడుగులాంటి కట్లున్నాయి, లిగమెంట్లు. దొడ్డికాళ్లు పడ్డ మనిషికి లోపలి కట్టు కురచబడి బిగిసి ఉంటుంది, బయటిది సాగి ఉంటుంది. ఎముక కోత రెండు డిగ్రీలు తేడా వచ్చినా, కాలు చాపినప్పుడు సరిపోయిన బిళ్ల ముడిచినప్పుడు పట్టేస్తుంది, లేదా కదిలిపోతుంది. కొత్త మోకాలు పెట్టాక కూడా "ఏదో పట్టేసినట్టుంది" అనేవాళ్లలో కొందరి బాధకు మూలం ఇక్కడుంది.

చేత్తో చేసేటప్పుడు సర్జన్ తొడ ఎముక మధ్యలోకి పొడవాటి కడ్డీ దించి, దానికి జిగ్ అనే లోహపు చట్రం తగిలిస్తాడు. చట్రంలో సందు ఉంటుంది, ఆ సందులోంచి రంపం నడుస్తుంది. తుంటి కీలు నడిమి నుంచి చీలమండ నడిమికి గీసిన గీత మోకాలి మధ్య నుంచి పోవాలని పాత సూత్రం. మూడు డిగ్రీల లోపు తేడా ఉంటే ఒప్పుకుంటారు. కట్ల బిగువు మాత్రం సర్జన్ చేతివేళ్లకే తెలియాలి, మా మామయ్యకు పడుగు తెలిసినట్టు.

రోబో వచ్చింది ఈ కొలతలోకే.

థియేటర్‌లో దాని సామాను మూడు ముక్కలు. చక్రాల బండి మీద యంత్రపు చెయ్యి, ఇన్‌ఫ్రారెడ్ కెమెరా, తెర. సర్జన్ ఎప్పటిలాగే కత్తితో మోకాలు తెరుస్తాడు. తొడ ఎముకలోకి, కాలి ఎముకలోకి సన్నటి పిన్నులు బిగించి వాటికి మెరిసే గోళాలున్న చిన్న గుర్తులు తగిలిస్తాడు. కెమెరా చూసేది కాలును కాదు, ఆ గుర్తులను. తర్వాత కాలును తుంటి దగ్గర గుండ్రంగా తిప్పి తుంటి కీలు నడిమి ఎక్కడుందో కంప్యూటర్‌కు పట్టిస్తాడు. మొనదేలిన పరికరంతో ఎముక మీద పదుల కొద్దీ చోట్ల తాకి "ఇది ఇక్కడ, అది అక్కడ" అని చెబుతాడు. కొన్ని యంత్రాలకు ముందే సీటీ స్కాన్ తీసి ఎముక నమూనా ఎక్కించాలి, కొన్నిటికి అక్కర్లేదు. అప్పుడు కాలు చాపి, ముడిచి, పక్కలకు వంచి చూస్తే రెండు వైపులా సందు ఎన్ని మిల్లీమీటర్లో తెర మీద అంకెల్లో కనిపిస్తుంది. పడుగు బిగువును అంకెగా చూపించడమన్నమాట. నాకు ఈ యంత్రం మీద గౌరవం కలిగింది ఈ ఒక్క విషయంలోనే. ఎముక ఇంకా కోయకముందే, "ఇక్కడ ఒక మిల్లీమీటరు ఎక్కువ కోస్తే బిగువు ఎంత మారుతుంది" అని లెక్క వేసుకోవచ్చు. చేత్తో చేసేటప్పుడు ఆ సంగతి చాలావరకు కోశాకే తెలుస్తుంది.

తర్వాత కోత. ఇక్కడ అన్ని రోబోలూ ఒకటి కావు, ప్రకటనలు ఈ తేడా చెప్పవు. స్ట్రైకర్ కంపెనీ మాకోలో రంపం యంత్రపు చేతికే ఉంటుంది, కానీ దాన్ని పట్టుకుని నడిపేది సర్జన్ చెయ్యి. ముందే గీసిన హద్దు దాటబోతే యంత్రం బిగుసుకుని ఆపేస్తుంది. జిమ్మర్ బయోమెట్ రోసాలో యంత్రం కోత చట్రాన్ని సరైన కోణంలో పట్టుకుని నిలబడుతుంది, రంపం పూర్తిగా సర్జన్‌దే. స్మిత్ అండ్ నెఫ్యూ వాళ్ల కోరిలో చేతిలో పట్టుకునే పరికరమే హద్దు తెలుసుకుంటుంది. కొరియావాళ్ల క్యూవిస్ ఒక్కటి వేరే జాతి. ప్రణాళిక ఎక్కించి, కాలును కదలకుండా బిగించాక ఎముకను అదే చెక్కుతుంది, సర్జన్ పక్కన నిలబడి కావాలంటే ఆపుతాడు. అందులో కూడా మోకాలు తెరిచేది, ప్రణాళిక ఒప్పుకునేది, కట్లు సరిచేసేది, తొడుగులు అతికేది, కుట్లు వేసేది మనిషే.

అంటే అత్త ప్రశ్నకు జవాబు: డాక్టరే కోస్తాడు, చాలా యంత్రాల్లో. యంత్రం కొలుస్తుంది, గీత దాటనివ్వదు.

ఈ ఊహ నిన్నటిది కాదు. 1992లో అమెరికాలోని శాక్రమెంటోలో రోబోడాక్ అనే యంత్రం మనిషి తుంటి మార్పిడిలో ఎముక చెక్కింది. అంతకుముందు దాన్ని కుక్కల తుంటి మీద పరీక్షించారు. దాని వెనకున్న ఇద్దరిలో ఒకాయన పశువైద్యుడు. మాకో పూర్తి మోకాలి మార్పిడికి అమెరికాలో అనుమతి పొందింది 2015లో, రోసా 2019లో. మన ఊళ్ల హోర్డింగుల మీదికి ఎక్కింది ఇంకా తర్వాత.

ఇక అసలు చిక్కు. కొలత మెరుగైతే మనిషి మెరుగ్గా నడవాలి గదా? ఇక్కడే సర్జన్లు రెండు వర్గాలుగా వాదించుకుంటున్నారు. రోబోతో కోత అనుకున్న కోణంలో పడుతుందని, బాగా దారి తప్పే కేసులు తగ్గుతాయని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. కానీ ఏడాది తర్వాత రోగిని మెట్లెక్కించి, నొప్పి ఎంతని అడిగి చూస్తే, నేర్పరి సర్జన్ చేత్తో చేసిన మోకాలికీ రోబో మోకాలికీ తేడా పట్టుకోవడం కష్టంగా ఉంది. దక్షిణ కొరియాలో వెయ్యిమందికి పైగా రోగులను రెండు గుంపులుగా విడదీసి, పదేళ్లకు మించి వెంటాడి, 2020లో ఫలితం ప్రచురించారు. నడకలోగాని, ఇంప్లాంటు, అంటే లోపల పెట్టిన తొడుగుల సామాను, నిలవడంలోగాని చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. అది పాత తరం రోబోడాక్, ఇప్పటి యంత్రాలు మెరుగైనవని కంపెనీలంటాయి. కావచ్చు. అది రుజువు కావాలంటే ఈ కొత్త మోకాళ్లూ పది, పదిహేనేళ్లు నడవాలి.

ఇంకో లెక్క చూడండి. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం పూర్తి మోకాలి మార్పిడుల్లో దాదాపు 82 శాతం పాతికేళ్లు నిలుస్తున్నాయి. అంతకాలం నిలిచాయంటే అవన్నీ రోబోలు వాడుకలోకి రాకముందు పెట్టినవే. నూటికి ఎనభై రెండు బాగున్నప్పుడు యంత్రం మెరుగుపరచగలిగే చోటు చిన్నది. అయితే ఇంకో అంకె కూడా ఉంది. మోకాలు మార్చుకున్నవాళ్లలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరు ఫలితం తృప్తిగా లేదంటున్నారు. రోబో మద్దతుదారులు చూపించేది ఈ అంకెనే. ప్రతి కాలికీ ఒకే నిలువు గీత గీయడమే తప్పు, ఎవరి కాలికి పుట్టుకతో ఉన్న వంపును వాళ్లకే తిరిగి ఇవ్వాలి, అంత సూక్ష్మంగా కోయాలంటే యంత్రం కావాలంటారు. వాదనలో పస ఉంది. కానీ ఆ ఐదో మనిషి అసంతృప్తికి వంపు ఒక్కటే కారణం కాదు. నడుం నరం నొప్పిని మోకాలిదనుకున్నవాళ్లు, పద్మాసనం వేయొచ్చని ఆశపడ్డవాళ్లు, ఇంటికొచ్చాక కాలు వంచనివాళ్లు, అందరూ ఆ ఐదో మనిషిలో ఉన్నారు.

రోబో నిజంగా పనికొచ్చే కాళ్లు కొన్నున్నాయి. పాత యాక్సిడెంట్‌లో తొడ విరిగి లోపల రాడ్డు ఉండిపోయిన మనిషికి జిగ్ కడ్డీ దించడానికి దారే ఉండదు. ఎముక నడిమిలోనే వంకరగా అతికినవాళ్లకూ అంతే. అలాంటి చోట కెమెరా చూసే కొలత వరం. లోపలి వైపు మాత్రమే అరిగినవాళ్లకు చేసే సగం మోకాలి మార్పిడిలో కూడా దానికి బలమైన పాత్ర ఉంది, అక్కడ మిల్లీమీటరుకు విలువ ఎక్కువ. మీ కాలు ఈ జాబితాలో ఉందా అని అడగండి. "అందరికీ రోబోనే మంచిది" అన్న జవాబు వస్తే అది కాలు చూసి చెప్పిన జవాబు కాదు.

టీవీ తెర మీద మాటలు ఒక్కోటిగా

"కోత కనపడదు." రంపం, లోహపు తొడుగు పట్టాలంటే ఎంత సందు కావాలో అంత కోయాలి. మోకాలి ముందు నిలువుగా నాలుగైదు అంగుళాల పైనే గాటు ఉంటుంది, పైగా పిన్నులకు చిన్న చిల్లులు. గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌లా రంధ్రంలోంచి చేసేది కాదిది. ఆ పిన్నుల చోట చీము పట్టడం, ఎముక చిట్లడం అరుదుగా ఉన్నాయి. అరుదే, కానీ చేతి ఆపరేషన్‌లో ఆ చిల్లులే లేవు.

"24 గంటల్లో నడక." నిజమే. అయితే ఆ గొప్ప రోబోది కాదు. నడుంలో ఇచ్చే మత్తు, తొడలో నరాన్ని మొద్దుబార్చే బ్లాకు ఇంజెక్షన్, రక్తం పోకుండా ఆపే ట్రనెక్సామిక్ యాసిడ్, నాలుగు రకాల మందులు కలిపి నొప్పిని ముందే అణచడం వల్ల ఇప్పుడు చేత్తో చేసినవాళ్లు కూడా అదే రోజు వాకర్ పట్టుకుని నిలబడుతున్నారు. అడగాల్సింది మత్తు డాక్టరు గురించి. ఎవరూ అడగరు.

"నొప్పి తెలీదు." తెలుస్తుంది.

"బంగారు మోకాలు." ఇది రోబో ప్రకటన పక్కనే ఇంకో బొమ్మలో ఉంది. అందులో బంగారం లేదు. టైటానియం నైట్రైడ్ రకం పూతకు ఆ రంగు వస్తుంది. నికెల్ పడనివాళ్లకు ఆలోచించవచ్చు. నగల సెంటిమెంటుతో కొనేది కాదు.

డబ్బు దగ్గరికి వద్దాం. 2017 ఆగస్టు 16న మందుల ధరలు కట్టే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏ మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధర కట్టింది. అప్పటిదాకా సగటున లక్షన్నర పలికిన కోబాల్ట్ క్రోమియం రకం 54,720 రూపాయలకు దిగింది. టైటానియం, ఆక్సీకరించిన జిర్కోనియం రకాలు 76,600. జీఎస్టీ వేరు. తర్వాత అంకెలు కొద్దిగా మారాయి గాని కట్టడి ఉంది. బిల్లులో ఇంప్లాంటు పేరు, ధర, స్టిక్కరు విడిగా చూపించమని అడిగే హక్కు మీకుంది. కానీ ధరల కట్టడి లోహానికే, యంత్రానికి కాదు. రోబో చార్జీ ఆసుపత్రి ఇష్టం. కోట్లు పోసి కొన్న యంత్రం, ఒక్కో కేసుకు ఒకసారి వాడి పారేసే సామాను, థియేటర్‌లో నిలబడే కంపెనీ మనిషి, ఇవన్నీ ప్యాకేజీలో ఎక్కడో కూర్చుంటాయి. ఇంకో మెలిక ఏమిటంటే, చాలా రోబోలు తమ కంపెనీ ఇంప్లాంటుతోనే పనిచేస్తాయి. మాకో ఎంచుకున్నారంటే స్ట్రైకర్ మోకాలు ఎంచుకున్నట్టే. అవి మంచివే. ఆ ఎంపిక మీ కాలు చూసి జరగలేదు, ఆసుపత్రి ఏ యంత్రం కొందో దాన్ని బట్టి జరిగింది.

ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు పాలసీ చదవాలి. 2019లో బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోబో ఆపరేషన్‌ను పాలసీలు పూర్తిగా మినహాయించకూడదు, కానీ దానికి వేరే పరిమితి పెట్టుకోవచ్చు. ఐదు లక్షల పాలసీలో రోబోకు లక్షే ఇస్తామని చిన్న అక్షరాల్లో ఉండొచ్చు. అరుగుదల వల్ల చేసే కీళ్ల మార్పిడికి రెండేళ్లో అంతకు మించో వెయిటింగ్ ఉండటం మామూలే. ఆపరేషన్ అనుకున్నాక పాలసీ తీసుకుంటే పని జరగదు.

సర్కారు కార్డుల గొడవ సరిహద్దువాళ్లకే ప్రత్యేకం. పర్లాకిమిడిలో ఇల్లు, పాతపట్నంలో సంత అన్నట్టు బతికేవాళ్లం. చుట్టాలు ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు చూపించి విశాఖలో చేయించుకున్నారని మనమూ వెళ్తే, అది ఆంధ్ర నివాసులకే అంటారు. ఒడిశావాళ్లకు 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి ఒకే కార్డుగా వస్తోంది. కుటుంబానికి ఏడాదికి ఐదు లక్షలు, ఆడవాళ్లకు ఇంకో ఐదు. ఆయుష్మాన్ కార్డు రాష్ట్రం దాటినా చెల్లుతుంది, ఆ ఆసుపత్రి పథకంలో చేరి ఉంటేనే, మీ రకం ఆపరేషన్ అక్కడ ఒప్పుకుంటేనే. రైలెక్కకముందే ఫోన్ చేసి రెండూ కనుక్కోండి. పథకం కింద ఇచ్చేది ఒక ప్యాకేజీ రేటు. దాని పైన "రోబోకు వేరేగా కట్టండి" అని రోగి దగ్గర తీసుకోకూడదు. అడిగితే పథకం హెల్ప్‌లైన్‌కు చెప్పాల్సిన విషయం అది. పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరున 1962లో వెలిసిన ఎంకేసీజీ మెడికల్ కాలేజీ బరంపురంలోనే ఉంది. ముందు అక్కడి ఎముకల విభాగంలో ఒక అభిప్రాయం తీసుకుంటే పోయేది ఓపీ లైన్‌లో ఒక పూట. పెద్ద ఊరి ఆసుపత్రి చెప్పినదాన్ని పోల్చుకోవడానికి ఒక మాట చేతిలో ఉంటుంది.

మన నేల మీద ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి

తీరం వెంబడి మన జిల్లాల్లో ఫైలేరియా పాతకాపు. బోదకాలు ఉన్న కాలికి మోకాలు మార్చాలంటే చీము పట్టే ప్రమాదం ఎక్కువ, చర్మంలో పగుళ్లు ఉంటే మరీను. ఆ సంగతి దాచకుండా చెప్పాలి, ముందు చర్మం నయం చేయించాలి. రాయగడ, కొరాపుట్ వైపు సికిల్ సెల్ (రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. మత్తు ఇచ్చేవాళ్లకు, తొడకు పట్టీ బిగించి రక్తం ఆపేవాళ్లకు అది ముందే తెలియాలి. అదే జబ్బు తుంటి ఎముకకు రక్తం అందకుండా చేసి చచ్చుబడేలా చేస్తుంది, నొప్పి మాత్రం మోకాలి దగ్గర తెలుస్తుంది. తుంటి ఎక్స్‌రే తీయకుండా మోకాలు కోయించుకున్న మనిషిని నేను చూశాను. ఎంత మంచి రోబో అయినా చూపించిన ఎముకనే కొలుస్తుంది, తప్పు ఎముక చూపిస్తే దాన్నే చక్కగా కొలుస్తుంది. ఇక షుగరు. మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ) ఎనిమిదికి పైన ఉంటే చాలామంది సర్జన్లు వాయిదా వేస్తారు, వేయాలి కూడా. చీము పడితే కొత్త మోకాలు తీసేసి మళ్లీ మొదటి నుంచి. ఆ ప్రమాదం నూటికి ఒకటి రెండే గాని, ఆ ఒక్కరు పడే కష్టం చెప్పనలవి కాదు.

నేను అసలు చెప్పాలనుకున్నది దూరం గురించి. బరంపురం నుంచి విశాఖ రైల్లో దాదాపు 280 కిలోమీటర్లు, భువనేశ్వర్ దాదాపు 165. గుణుపురం, జయపురం వాళ్లకు ప్రయాణమే ఇంకో రోగం. ఆపరేషన్ అయ్యాక మూడో రోజో నాలుగో రోజో డిశ్చార్జ్. ఇంటికొచ్చాక ఆరు వారాలే కొత్త మోకాలి జాతకం రాస్తాయి. రెండు వారాలకల్లా తొంభై డిగ్రీలు ముడవాలి, పడుకుంటే కాలు మంచానికి ఆనేలా పూర్తిగా చాపగలగాలి. లోపల గాయం మానే కొద్దీ మచ్చ కండ బిగుస్తుంది. ఆ బిగువును రోజూ వంచి వంచి ఓడించాలి. నొప్పి అని ఊరుకుంటే, రెండు మూడు నెలలకు మత్తిచ్చి బలవంతంగా వంచాల్సి వస్తుంది. పట్నంవాడికి ఇంటికి ఫిజియో వస్తాడు. మనవాళ్లకు ఒక కాగితం ఇస్తారు, ఇంగ్లీషులో, లేదా విశాఖ అయితే తెలుగులో. అత్తకు రెండూ చదవడం రాదు. మేము చూసిన ఆసుపత్రుల్లో ఒక్కటీ ఆ కాగితం ఒడియాలో ఇవ్వలేదు. రోబో చార్జీతో ఇంటికి ఫిజియోను నలభై రోజులు పిలిపించవచ్చని ఎవరూ లెక్క వేసి చెప్పరు. నా మట్టుకు నేను చేతిలో ఉన్నది ఆ ఒక్క మొత్తమే అయితే ఫిజియోకే ఇస్తాను.

యంత్రం ఉన్నా లేకున్నా మారనిది ఇంకోటి ఉంది. కొత్త మోకాలు మామూలుగా 110, 120 డిగ్రీల దాకా ముడుస్తుంది. నేల మీద కూర్చుని లేవడం, ఇండియన్ లెట్రిన్ అంతకు మించి అడుగుతాయి. ఇంటికి కమోడ్, స్నానాల గదిలో పట్టుకునే రాడ్డు, మంచం ఎత్తు, ఇవన్నీ ఆపరేషన్‌కు ముందే చూసుకోవాలి. మా ఊరి బుఢీ ఠాకురాణీ యాత్రలో అమ్మవారి ముందు సాష్టాంగం చేస్తానంటే, నిలబడి దండం పెట్టుకోమనే చెబుతారు.

అత్త కథ చెప్పకుండా వదిలేస్తే బాగోదు. ఆ టీవీ ఆసుపత్రిలో చేయించలేదు. ఇంకోచోట సర్జన్ దగ్గర రోబో కూడా ఉంది, చేత్తోనూ చేస్తాడు. ఏడాదికి ఎన్ని మోకాళ్లు చేస్తారు, వాటిలో రోబోతో ఎన్ని, చీము పట్టినవెన్ని అని అడిగితే విసుక్కోకుండా చెప్పాడు. యంత్రం మధ్యలో ఆగిపోతే ఏం చేస్తారంటే, "చేత్తో పూర్తి చేస్తానమ్మా, అది రానివాడు రోబో ముట్టకూడదు" అన్నాడు. అత్త కాలు వంకరే గాని మామూలు వంకర, లోపల పాత రాడ్లు లేవు, తనకు యంత్రం అక్కర్లేదని ఆయనే అన్నాడు. రెండు మోకాళ్లూ ఒకేసారి చేసే ప్యాకేజీ చవకని ఆఫీసులో చెప్పారు. గుండె సంగతి చూసి ఆయన ఒకటే చేశాడు.

బరంపురంలో మాకు ఒక కుర్ర ఫిజియో దొరికాడు, ఒడియా అబ్బాయి. అత్త అతనితో ఒడియాలో తగువాడేది, నొప్పి ఎక్కువైతే తెలుగులో తిట్టేది. "ఆంఠు (మోకాలు) కాదు మావుసీ (పిన్నీ), మనసు వంచండి" అని నవ్వేవాడు. రోజూ కోణం కొలిచే బద్ద పెట్టి అంకె చెప్పేవాడు. అత్త ఆ అంకెను వంటింట్లో క్యాలెండర్ మీద, పాలవాడి లెక్క పక్కన రాసుకునేది. మొదటి గడిలో అరవై ఎనిమిది. వారం పాటు డెబ్బయ్యారు దాటలేదు, ఆ వారం అన్నం సరిగ్గా తినలేదు. నలభయ్యో రోజు నూట పన్నెండు. అన్నీ ఒడియా అంకెలే. ఇప్పుడు అప్పడాల బల్ల ఎత్తు చేయించుకుని కుర్చీలో కూర్చుని ఒత్తుతోంది. క్యాలెండర్ మారినా ఆ పాత నెల కాగితాలు మాత్రం చింపనివ్వలేదు, రెండో మోకాలికి పోల్చుకోవడానికి కావాలట.